మూడో ముక్కకు ఎర్ర మూత

గుల్లల గది, రెండో అంతస్తు
సోమవారం

మామయ్యకు,

నేను బాగున్నాను, నా మెడ తప్ప. ఎనిమిది నెలలు మైక్రోస్కోపు మీద వంగి కూర్చున్నాక ఇప్పుడు నిటారుగా నిలబడితే అదే వింతగా ఉంటోంది. నీ చెవులెలా ఉన్నాయి? ఫోన్‌లో నేను ఒకటంటే నువ్వు ఇంకొకటి వింటావు, అందుకే ఉత్తరం. పైగా ఇది నువ్వు కాగితం మీద జవాబు చెప్పాల్సిన విషయం.

ముందు అత్తయ్యకు జవాబు. పోయినసారి వచ్చినప్పుడు, "రోజంతా ఆ బురదలో ఏం వెతుకుతావే?" అని అడిగింది కదా. చెంచాడు బురద తీసుకుని సన్నటి జల్లెడలో కడుగుతాను. మట్టి పోయి గుల్లలు మిగులుతాయి. ఒక్కోటి ఆవగింజలో పదో వంతు. ఇవన్నీ ఒకప్పుడు సముద్రం పైనీళ్లలో తేలుతూ బతికిన ఏకకణ జీవులు. చచ్చాక గుల్ల అడుగుకు రాలుతుంది, దాని మీద ఇంకొకటి, అలా వేల ఏళ్లు. కాబట్టి కింది బురద పాతది, పై బురద కొత్తది. ఆ గుల్లల్లో ఒక జోడీ ఉంది, చూడ్డానికి కవలలు. ఒకటి ఎడమవైపు చుట్టుకుంటుంది, అది చల్లని నీటిది. రెండోది కుడివైపు, అది కాస్త వెచ్చని నీటిది. మూడు వెంట్రుకల కుంచె తడిపి, ఎడమవాటిని ఒక పక్కకు, కుడివాటిని ఒక పక్కకు జరుపుతాను. చెంచాకు మూడు వందలు లెక్కపెడతాను. ఎడమవి తగ్గాయంటే సముద్రం వెచ్చబడిందని. అంతే నా చదువంతా.

ఇప్పుడు నీ సంగతి. నేను లెక్కపెడుతున్న బురద నువ్వు ఓడలో పనిచేసినప్పుడు సముద్రం అడుగు నుంచి తీసిందే. పదిన్నర మీటర్ల ప్లాస్టిక్ గొట్టం, దాన్ని నువ్వు రంపంతో కోసిన ఏడు ముక్కలు, ఒక్కోటి మీటరున్నర. పై కొసకు ఎర్ర మూత, కింది కొసకు తెల్ల మూత. మూతల మీద నీ రాత. నీ మూడు అంకెకు తోక ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరికీ అక్కర్లేక ఈ గొట్టం నాకు దక్కింది. ముప్ఫై ఏళ్ల కిందట ఎవరో నాలుగైదు చోట్ల చూసి, దగ్గర్లోనే తీసిన ఇంకో గొట్టంతో కుదరడం లేదని రిజిస్టరులో 'నమ్మదగదు' అని రాసి పక్కన పెట్టేశారు. కొత్తగా చేరినవాళ్లకు అలాంటివే ఇస్తారు. రిజిస్టరులో తేదీ చూసి నవ్వుకున్నాను. నేను పుట్టిన మర్నాడు అది పైకి వచ్చింది. నాకూ ఈ బురదకూ ఒక్క రోజే తేడా.

విషయం ఏమిటంటే, అయిదు ముక్కలు పూర్తయ్యాయి. నలభై అయిదు వేల గుల్లలు. కింది నుంచి పైకి వస్తుంటే నాలుగో ముక్కంతా చలి, నూటికి తొంభై నాలుగు ఎడమవి. మూడో ముక్కలోకి అడుగు పెట్టగానే ముప్ఫై అయిదుకు పడిపోయాయి. అంటే రెండు వందల ఏళ్లలో సముద్రం వెచ్చబడిపోయింది. అక్కడి నుంచి ఆరువేల ఏళ్లపాటు మెల్లగా మళ్లీ చల్లబడింది. రెండో ముక్క మొదలవగానే ఇంకో గెంతు, మళ్లీ వెచ్చదనం. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చూడలేదు.

నేను గీసిన గ్రాఫు చూసి మా మేడమ్ కళ్లజోడు తీసి, "రెండు గెంతులూ సరిగ్గా రంపం పడ్డచోటే ఉన్నాయి. మీ మామయ్య ఎక్కడ కోస్తాడో సముద్రానికి ముందే తెలుసా?" అంది.

మూడో ముక్కకు మూతలు తారుమారై ఉంటే గెంతులు లేవు, ఏమీ లేదు. వయసు తేల్చే పరీక్షకు నమూనాలు పంపాం. జవాబుకు నాలుగు నెలలు పడుతుంది. శాస్త్రవేత్తల పెద్ద సభకు వ్యాస సారాంశం ఆరు వారాల్లో వెళ్లాలి. నన్ను ఇక్కడ ఇంకా ఉంచుతారా లేదా అన్నది ఆ సభవాళ్లు నా వ్యాసం తీసుకుంటారా లేదా అన్న దాని మీదే ఉంది. ఆ రోజు డెక్ మీద ఉన్నవాళ్లలో అడగడానికి నువ్వొక్కడివే మిగిలావు. మూడో ముక్కకు మూతలు సరిగ్గానే పెట్టావా?

నీ గుండుసూది

•

బాల్కనీ
శుక్రవారం

గుండుసూదికి,

నీ ఉత్తరం మీ అత్తయ్య గట్టిగా చదివింది. చెవిటివాడికి చదివి వినిపించడమెందుకు, ఇలా ఇయ్యి అన్నాను. "నీకు కాదు, ఎదురింటివాళ్లకు" అంది.

అడగాల్సిన మాటేనా అది? ఇరవై ఆరేళ్లు, ఆరువేల మూడు వందల ముక్కలు. గాలివానలో కోశాను, జ్వరంతో కోశాను, గొట్టాన్ని పైకి లాగే వించి తాడు తెగి పక్కనే పడిన రోజు కూడా కోశాను. రిటైరైన రోజు ఓడవాళ్లు నా రంపాన్నే చెక్క మీద బిగించి, కింద ఇత్తడి రేకు కొట్టించి ఇచ్చారు. ఏం రాశారో నీకు తెలుసు, చిన్నప్పుడు నువ్వే కూడబలుక్కుని చదివావు: 'ఒక్క ముక్కనూ తలకిందులు చేయని చేతికి.' నువ్వు కూర్చునే సోఫాకు ఎదురుగా ఇప్పటికీ ఉంది.

మీ మేడమ్‌కు చెప్పు. సముద్రానికి నా రంపం సంగతి తెలీదు, నాకు సముద్రం సంగతి తెలీదు. పైది పైకి, కిందిది కిందికి, అంతే నా పని. నా ముక్కలు తిరగవు. రాసుకో.

ఆ కుంచెను నోట్లో పెట్టుకుని తడపడం మానేశావా? పాతికవేల ఏళ్ల కిందటి శవాల్ని రుచి చూస్తున్నావని గుర్తుంచుకో.

మీ మామయ్య

కింద అత్తయ్య రాస్తున్నది: ఆ రేకును వారానికి రెండుసార్లు తుడిచేది నేను, పేరు ఆయనది. ఒక సంగతి. నీ ఉత్తరంలో తేదీ ముచ్చట చదువుతుంటే లేచి వెళ్లి టీ పెట్టాడు. మా పెళ్లయ్యాక ఆయన టీ పెట్టడం ఇది రెండోసారి. మొదటిసారి నా కాలు విరిగింది.

•

గుల్లల గది
బుధవారం

మామయ్యా,

నీ ఉత్తరం తీసుకెళ్లి మేడమ్ బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివి, "ఈయన రాస్తే శిలాశాసనమే" అంది. వెక్కిరింతో మెచ్చుకోలో తేల్చుకోలేకపోయాను. తర్వాత, "మనిషి మాట సాక్ష్యమే, కొలత కాదు. అయినా నీ పేరు మీద వెళ్లే వ్యాసం, నీ ఇష్టం" అంది.

నా ఇష్టమే అంది కాబట్టి పంపేశాను. నిన్న మధ్యాహ్నం. శీర్షికలో 'గెంతు' అన్న మాట పెట్టాను. నాలుగో వాక్యం నీ గురించి: 'ముక్కల దిశను ఓడ మీద వాటిని కోసిన సాంకేతికుడు ధ్రువీకరించారు.' ముప్ఫై ఒక్క ఏళ్లకు నువ్వు శాస్త్రంలోకి ఎక్కావు. సంతోషమేనా?

మామయ్యా, ఇది నాకెంత పెద్ద సంగతో నీకు తెలియాలి. ఇన్నాళ్లూ ఇతరులు కనిపెట్టినదాన్ని సరిచూసే పనే చేశాను. ఇది నేను చూసింది. మెట్లు దిగుతూ రెండేసి మెట్లు దూకాను. కింద కాగితాలు మోసుకొస్తున్న గ్రంథాలయం ఆవిడ నన్ను చూసి గోడకు అతుక్కుపోయింది.

కుంచె నోట్లో పెట్టుకోను. అప్పుడప్పుడు తప్ప.

నీ గుండుసూది

•

బాల్కనీ
ఆదివారం

గుండుసూదికి,

చిన్న ప్రశ్న. పంపిన సారాంశాన్ని వెనక్కి తీసుకోవచ్చా? తీసుకోమనడం లేదు. తీసుకోవచ్చా అని మాత్రమే.

ఇంకొకటి. మూడో ముక్కకు ఎర్ర మూత చుట్టూ ఉన్న టేపు ఎన్ని చుట్లు ఉంది? మిగతా వాటికి ఎన్ని?

ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. బట్టలు గంటలో ఆరుతున్నాయి.

మామయ్య

అత్తయ్య: ఎండలు లేవు. మూడు రోజులుగా ముసురు. అటక మీది పెట్టెలన్నీ దించి పాత కాగితాలు వెతుకుతున్నాడు. హాల్లో నడవడానికి దారి లేదు. ఏం పోయిందని అడిగితే "ఏం పోలేదు, అదే బాధ" అన్నాడు. నాకు అర్థం కాలేదు, నీకేమైనా అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

•

గుల్లల గది
గురువారం

మామయ్యకు,

మిగతా ఆరు ముక్కలకూ ఎర్ర మూత చుట్టూ మూడు చుట్లు. మూడో ముక్కకు ఒకటే చుట్టు, అదీ వంకరగా.

సారాంశాన్ని ఈ నెలాఖరు దాకా మార్చుకోవచ్చు. ఎందుకు అడిగావు?

నీకేదైనా గుర్తొస్తే ముందే చెప్పాల్సింది. 'రాసుకో' అన్నావు, రాసుకున్నాను. నా పేరు కింద నీ మాట అచ్చులోకి వెళ్లబోతోంది. మేడమ్ రోజూ ఏమీ అడగకుండా నా బల్ల పక్క నుంచి వెళ్తోంది. అడిగితేనే బాగుండేది.

ఎండల గురించి రాయకు. సూటిగా చెప్పు.

గుండుసూది

•

భోజనాల బల్ల
శనివారం

గుండుసూదికి,

ఈ పేరు నీకు నేనే పెట్టాను. అయిదేళ్లప్పుడు నా చొక్కా పట్టుకుని, బొత్తాం ఒక రంధ్రం తప్పి పెట్టుకున్నావు మామయ్యా అని వీధిలో నిలబెట్టావు. ఇవాళా అదే పని చేశావు.

సూటిగా: ఆ మూడో ముక్కను సరిగ్గా పెట్టానని నేను ప్రమాణం చేయలేను. తప్పు పెట్టానని కూడా చేయలేను. ఆ ఒక్క ముక్క విషయంలో నాకు ఏమీ తెలీదు. మిగతా ఆరువేల రెండు వందల తొంభై తొమ్మిదింటికీ నాదీ పూచీ. ఆ రోజు దాన్ని పట్టుకుని ఉండగా నా ధ్యాస వేరేచోటికి వెళ్లింది. దాన్ని డెక్ అంచు కడ్డీకి ఆనించి నిలబెట్టి వెళ్లాను. తిరిగొచ్చి మూతలు పెట్టాను. ఏ కొస పైకి నిలబెట్టానో చూసుకోలేదు. అప్పుడు ఏమైనా రాసిపెట్టుకున్నానేమోనని అటకంతా వెతికాను, ఆ ముక్క గురించి ఒక్క అక్షరం లేదు. మర్నాటికి అనుమానం వచ్చింది. అప్పటికి ముక్కలన్నీ చల్లగదిలో పేర్చి తాళం వేశారు. తెరవండి అని అడిగితే కారణం చెప్పాలి. చెప్పలేదు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, ఆ ఇత్తడి రేకు ఇచ్చారు, గోడకు మేకు కొట్టాను. అంతే.

ఆ గొట్టాన్ని 'నమ్మదగదు' అని మూల పడేశారని నువ్వు రాసేదాకా నాకు తెలీదు. నా వల్లే ముప్ఫై ఏళ్లు మూల పడిందేమో. నిజం రాయడానికి కూర్చుని 'రాసుకో' అని రాశాను. మనిషి ఎంత వెధవ పని చేయగలడో చూడు.

ఇప్పుడు పనికొచ్చే మాట. నా మాట నమ్మకు, రంపాన్ని నమ్ము. నేనెప్పుడూ గొట్టాన్ని చివరిదాకా కోసేవాణ్ని కాదు. వేలెడు మిగలగానే రంపం పక్కన పెట్టి అరచేత్తో ఒక్క గుద్దు. ప్లాస్టిక్ అక్కడ టప్పున విరిగేది. మా మేస్త్రి దాన్ని సోమరి కోత అని తిట్టేవాడు. అలా విరిచినప్పుడు ఒక ముక్కకు చిన్న నాలుకలాంటిది మిగులుతుంది, పక్క ముక్కకు సరిగ్గా అంతే లొట్ట. చింపిన కాగితం రెండు సగాల్లాగా. ఏ రెండూ ఒకలా ఉండవు. మూతలు పెట్టాక అది ఎవరికీ కనబడదు, ఎవరూ చూసి ఉండరు. గిడ్డంగికి చేరాక ఒక్కో ముక్కనూ నిలువునా చీల్చి రెండు సగాలు చేశారు కాబట్టి నాలుక ఏదో ఒక సగానికే ఉంటుంది, రెండూ తీయించు. మూతలు విప్పి, రెండో ముక్క అడుగునూ మూడో ముక్క ఎర్ర కొసనూ కలిపి చూడు. కుదిరితే నేను పిచ్చివాణ్ని, నీ గెంతు నిజం. కుదరకపోతే తిప్పి చూడు.

మేడమ్‌ను పక్కన పెట్టుకుని చూడు. ఒక్కదానివే చూడకు.

మామయ్య

అత్తయ్య: ఈ ఉత్తరం నాలుగు కాగితాలు చింపి రాశాడు. తలెత్తి గోడ వైపు చూడకుండా రాశాడు. ధ్యాస ఎక్కడికి వెళ్లిందో నాకూ చెప్పడం లేదు. నువ్వే అడుగు. నువ్వడిగితే చెబుతాడు.

•

గిడ్డంగి పక్క వరండా
మంగళవారం

మామయ్యా, అత్తయ్యా,

ముక్కల్ని మళ్లీ సర్దిపెట్టి ఇప్పుడే బయటికి వచ్చాను, వేళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి, రాత వంకరపోతే మన్నించండి. గిడ్డంగిలో నాలుగు డిగ్రీలు. మేడమ్ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని వచ్చింది. ఏడు ముక్కల రెండేసి సగాలూ స్టీలు బల్ల మీద వరసగా పరిచాం. నీ ఉత్తరం చదివి వినిపించాను, మొత్తం. 'సోమరి కోత' దగ్గర ఆగి, "ఇది ఏ పుస్తకంలోనూ లేదు" అంది.

ముందు మొదటి ముక్క, రెండో ముక్క. అవి సరైనవో కాదో తెలియాలి కదా. మూతలు విప్పి, అంచులు బ్రష్‌తో తుడిచి దగ్గరికి జరిపాం. చిటికెనవేలి గోరంత నాలుక, గోరంత లొట్ట. చప్పుడు కూడా చేయకుండా కూర్చుంది. మేడమ్ నా వైపు చూసింది. నేను మూడో ముక్క వైపు చూశాను.

రెండో ముక్క అడుగుకు నాలుక ఉంది. మూడో ముక్క ఎర్ర మూత విప్పాను. అక్కడా నాలుకే. రెండు పొట్టేళ్లు తలలు ఆనించుకుని నిలబడ్డట్టు నిలబడ్డాయి, సందులో పెన్సిలు దూరుతుంది. తిప్పి చూద్దామన్నాను. మీటరున్నర ముక్క, ఇద్దరం చెరో కొస పట్టుకుని బల్ల చుట్టూ తిరగాల్సొచ్చింది, పెళ్లిలో బల్లలు సర్దేవాళ్లలాగా. తెల్ల మూత విప్పాను. లొట్ట. జరిపాం. కూర్చుంది. రెండో కొస నాలుగో ముక్కకు కలిపాం. అదీ కూర్చుంది.

"సముద్రానికి తెలీదు. రంపానికి తెలుసు" అంది మేడమ్.

అలా నా గెంతులు రెండూ పోయాయి. నాకు ఏడుపు రావాలి. ఆకలేసింది. మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఒకే రొట్టె పంచుకున్నాం. ఎనిమిది నెలలు పోయాయా అని అడిగాను. "గుల్లలు తప్పు చెప్పలేదు కదా, వాటి వరసే తప్పింది. వరస మార్చు" అంది.

పైకి వెళ్లి మూడో ముక్క ముప్ఫై లెక్కలనూ తలకిందులు చేశాను. కంప్యూటర్‌లో అది నిమిషం పని. కొత్త గ్రాఫు వచ్చింది. గెంతు లేదు, ఒక వాలు ఉంది. సముద్రం మెల్లగా వెచ్చబడటం మొదలుపెట్టింది. నడుమ ఒకచోట వెనకడుగు వేసి కాసేపు చల్లబడింది, మళ్లీ ముందుకు నడిచింది. ఆ వెనకడుగును ఇన్నాళ్లూ నా లెక్క తప్పనుకున్నాను. మేడమ్ బీరువాలోంచి ఆ పక్క గొట్టం గ్రాఫు తీసింది, ముప్ఫై ఏళ్ల కిందట కుదరలేదన్నది. రెండు కాగితాలూ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టాం. వాలు మీద వాలు. వెనకడుగు మీద వెనకడుగు. దానిలో వెనకడుగుకు రెండే చుక్కలు, అందుకే దాన్ని ఎవరూ గట్టిగా నమ్మలేదు. మనదానిలో పదకొండు.

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుని నవ్వింది. పన్నెండేళ్లుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్నవాళ్లు కూడా ఆవిడ కూర్చుని నవ్వడం చూడలేదట.

సారాంశం మార్చి పంపాను. గడువుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. 'గెంతు' తీసేశాను. నాలుగో వాక్యం ఇప్పుడిలా ఉంది: 'మూడో ముక్క దిశను, దాన్ని కోసిన సాంకేతికుడు సూచించిన పద్ధతిలో, కోత అంచులను కలిపి సరిచేశాం.' మామయ్యా, ఇది ముందటి వాక్యం కంటే బాగుంది. ముందటిది నీ మాట. ఇది నీ పద్ధతి.

ఇంకొకటి విను. నీ వల్లే మూల పడిందేమో అన్నావు కదా. అది మూల పడకపోతే ఈ ముప్ఫై ఏళ్లలో తలా ఒక చెంచా తవ్వుకుని ఖాళీ చేసేవాళ్లు. పక్క గొట్టానికి అదే గతి పట్టింది, ఇప్పుడు దానిలో ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టే నాకు నిండుగా దొరికింది.

ఇక అత్తయ్య ప్రశ్న. ధ్యాస ఎక్కడికి వెళ్లింది? నేను రిజిస్టరులో తేదీ మళ్లీ చూశాను. నాకు ఒక అనుమానం ఉంది. నీ నోటితో వినాలి.

నీ గుండుసూది

•

బాల్కనీ, నిజంగానే ఎండ
ఆదివారం

గుండుసూదికి,

నీ ఉత్తరం నేనే చదువుకున్నాను. తర్వాత మీ అత్తయ్య ఎదురింటికి చదివింది. వాళ్లకు ఇప్పుడు గుల్లల గురించి నాకంటే ఎక్కువ తెలుసు.

చెబుతాను. గొట్టం పొద్దున్నే పైకి వచ్చింది. రెండు ముక్కలు కోసి మూతలు పెట్టాను. మూడోది విరిచి రెండు చేతులతో ఎత్తాను. అప్పుడు రేడియో గదిలో పనిచేసే ఆయన తల బయట పెట్టి, "నీకో కబురు, మీ బావగారి నుంచి" అని అరిచాడు. అప్పటికి నా చెవులు బాగానే పనిచేసేవి. మీ అమ్మకు నెలలు నిండాయని తెలుసు. అంతకుముందు కబురు వచ్చి ఎనిమిది రోజులైంది, అదీ మంచి కబురు కాదు. ఆసుపత్రిలో చేర్చాం, రక్తం తక్కువగా ఉంది అని. ఎనిమిది రోజులూ నేను ముక్కలు కోస్తూ ఉన్నాను. కోయడం తప్ప అక్కడ చేయగలిగింది ఏముంది?

ముక్కను కడ్డీకి ఆనించి పరుగెత్తాను. రేడియో ఆయన కాగితం చూసి నిదానంగా చదివాడు. అంత నిదానంగా చదివినందుకు ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. 'నిన్న. ఆడపిల్ల. మూడు కిలోలు. తల్లీ పిల్లా క్షేమం.' మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివాడు. నేను ఆయన్ని ఎత్తేశాను, ఆయన నాకంటే ఇరవై కిలోలు ఎక్కువ. ఇద్దరం గుమ్మానికి తగిలాం. కెప్టెన్‌కు ఎవరో చెబితే ఓడ కూత పెట్టించాడు. నడిసముద్రంలో, వినడానికి ఎవరూ లేనిచోట, మూడుసార్లు.

అప్పుడు తిరిగొచ్చి, నేను మామయ్యనయ్యాను అని డెక్ మీద అందరికీ చెబుతూ మూతలు పెట్టాను. మూడు చుట్లు చుట్టాల్సిన టేపు ఒక్క చుట్టు చుట్టాను. అంతవరకే గుర్తుంది. ఏ మూత ఏ చేతిలో ఉందో గుర్తులేదు, నీ బరువు గుర్తుంది.

మొదటే ఎందుకు చెప్పలేదంటే, ఆ ఇత్తడి రేకు ఒక కారణం, అబద్ధమాడను. రెండోది ఇంకా పెద్దది. నా ఇరవై ఆరేళ్లలో ఉన్న ఒక్క తప్పూ నువ్వు పుట్టిన వేళ జరిగిందని నీకు తెలిస్తే, దాన్ని నీ మీద వేసుకుంటావేమోనని. చిన్నప్పటి నుంచి నీకా అలవాటుంది. వేసుకోకు. ఆ వేళ నా బుద్ధి సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది, చేతులే ఓడ మీద మిగిలాయి.

మీ మామయ్య

అత్తయ్య: ప్రతి ఏడాదీ నీ పుట్టినరోజు నాడు ఆయన మొహం ఒక్క నిమిషం మాడేది. వయసు మీద పడుతోందని బెంగ అనుకునేదాన్ని, ఎవరి వయసో తెలీక ఊరుకునేదాన్ని. ముప్ఫై ఒక్క ఏళ్లు నా పక్కన ఒక గొట్టం కూడా కాపురం చేసిందన్నమాట. ఇంకొకటి. నిన్న రంపాన్ని గోడ మీంచి దించాడు. పారేస్తాడేమోనని భయపడ్డాను. మేకు పట్టుకుని కూర్చుని, ఇత్తడి రేకు మీద కింద ఒక్క వరస గీకి మళ్లీ తగిలించాడు. 'ఒకటి తప్ప' అని. తోక ఉన్న అక్షరాలతో. ఇప్పుడు అది తుడవడం మరీ కష్టం, సందుల్లో పాలిష్ ఇరుక్కుంటోంది. వచ్చినప్పుడు నీ మూడు వెంట్రుకల కుంచె తీసుకురా.

•

గుల్లల గది
శుక్రవారం

మామయ్యకు,

నీ ఉత్తరం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాను. ఎటు చదివినా ఒకటే.

నేను దేన్నీ నా మీద వేసుకోలేదు. పొద్దున అద్దంలో చూసుకుని, నా కోసం సముద్రం మధ్యలో ఓడ మూడుసార్లు కూత పెట్టిందని నాకు నేనే చెప్పుకున్నాను. రోజంతా సరిపోయింది. అమ్మకు కూడా చెప్పాను. "రక్తం తక్కువ సంగతి వాడికి ఎవరు చెప్పారు?" అని ఇప్పుడు కోప్పడుతోంది. నాన్న పక్కగదిలోకి జారుకున్నాడు.

సభవాళ్లు వ్యాసం తీసుకున్నారు. మాట్లాడ్డానికి పన్నెండు నిమిషాలు ఇచ్చారు. ఇక్కడ నన్ను ఇంకో మూడేళ్లు ఉంచుతున్నారు. ఆ కాగితం ఇస్తూ మేడమ్, "ఆరో ముక్క, ఏడో ముక్క మిగిలాయి, అభినందనలు తర్వాత చెబుతాను" అంది. కాబట్టి ఇంకా పద్దెనిమిది వేల గుల్లలు ఉన్నాయి. వచ్చే నెల రెండో ఆదివారం మీ ఇంటికి వస్తాను, కుంచెతో సహా.

నిన్న ఒక చిన్న పని మిగిలింది. గిడ్డంగిలో ఏ ముక్క గుర్తు మార్చినా తప్పుల రిజిస్టరులో ఎక్కించాలి. పెద్ద పుస్తకం, గళ్లు గీసి ఉంటాయి. ముక్క సంఖ్య, ఏం తప్పు, ఎప్పుడు తెలిసింది, కారణం, సరిచేసింది ఎవరు. పాత పుటలు తిరగేశాను. కారణం గడిలో అందరూ 'తెలియదు' అని రాశారు. ఒకరు మాత్రం 'గాలివాన' అని రాశారు.

నేను 'ఓడకు శుభవార్త అందింది' అని రాశాను.

మేడమ్ సంతకం పెట్టబోతూ ఆగింది. తిడుతుందనుకున్నాను. "ఇది సరిపోదు. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా చదివితే ఏం అర్థమవుతుంది? ఏ శుభవార్తో స్పష్టంగా రాయి" అంది. కొట్టేసి మళ్లీ రాశాను. ఆవిడ చదివి, సంతకం పెట్టి, పుస్తకం మూసి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ వరస ఇలా ఉంది. నీ కోసం ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

ముక్క: మూడు. తప్పు: తలకిందులు. తెలిసింది: ముప్ఫై ఒక్క ఏళ్లకు. కారణం: మేనకోడలు పుట్టింది. సరిచేసింది: మేనకోడలు.